హెచ్‌వీఓ ఎవరితో పోరాడింది? ఊరూ తేదీ చెబితేనే జవాబు

పర్లాకిమిడి ఒడిశాలో ఉంది, దాన్ని ఆనుకున్నట్టే ఉండే పాతపట్నం ఆంధ్రలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత ఒక్క జమీందారీనే రెండు ముక్కలు చేసింది. గీత పడింది గానీ ఇళ్లు కదల్లేదు. తెలుగిళ్లు ఇటూ ఉన్నాయి, ఒడియా ఇళ్లు అటూ ఉన్నాయి, ఒకే వీధిలో రెండూ పక్కపక్కన ఉన్న ఊళ్లూ ఉన్నాయి. అందుకే గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువాళ్లు జిల్లాకొక రంగు పూసిన పటం కనిపిస్తే కాస్త ఆగి చూస్తారు. యుగోస్లావియా ముక్కలవుతున్నప్పుడు జరిగిన 1992-95 బోస్నియా యుద్ధం మీద దొరికే పటాలు చాలావరకు అలాంటివే. వాటిలో అందరికన్నా తప్పుగా అర్థమయ్యేది బోస్నియా క్రొయేట్ల సైన్యం, హెచ్‌వీఓ.

పూర్తి పేరు హర్వాత్‌స్కో వియెచె ఓబ్రానె, అంటే క్రొయేట్ రక్షణ మండలి. 1992 ఏప్రిల్ 8న హెర్జెగోవినాలోని గ్రూదె అనే చిన్న పట్టణంలో పుట్టింది. అది ఎవరి పక్షాన పోరాడిందని అడిగితే ఒక్క మాటలో జవాబు రాదు. రాజధాని సరాయెవోలో, ముస్లింలే ఎక్కువగా ఉన్న బోస్నియా ప్రభుత్వ సైన్యం పక్కన నిలబడి సెర్బుల మీద పోరాడింది. అదే ఏడాది వితెజ్‌లో అదే ప్రభుత్వ సైన్యం మీద పోరాడింది. జెప్చెలో సెర్బుల ట్యాంకుల సాయం తీసుకుని ముస్లింల మీద పోరాడింది. ఈ మూడూ 1993లోనే జరిగాయి. కాబట్టి ఈ యుద్ధం చదివేటప్పుడు ముందు తేదీ అడగాలి, తర్వాత ఊరు అడగాలి, ఆ తర్వాతే పక్షం మాట ఎత్తాలి.

మన సరిహద్దు అనుభవంతో దీన్ని చదివేవాళ్లు మొదట్లోనే ఒక పొరపాటు చేస్తారు. ఇక్కడ తేడా భాషది. అక్కడ భాష దాదాపు ఒకటే. సెర్బు, క్రొయేట్, ముస్లిం ముగ్గురూ ఒకరి మాట ఒకరికి ఇట్టే అర్థమయ్యేలా మాట్లాడతారు. వేరు చేసింది మతం, దాని వెంట వచ్చిన చరిత్ర: సెర్బులు ఆర్థడాక్స్ క్రైస్తవులు, క్రొయేట్లు కేథలిక్కులు, మిగిలినవాళ్లు ముస్లింలు. ముస్లింలు తమను బోస్నియాక్‌లు అని పిలుచుకోవాలని 1993 సెప్టెంబరులో తీర్మానించుకున్నారు. అంతకు ముందు కాగితాల్లో ‘ముస్లిం’ అనే ఉంటుంది, అది జాతి పేరుగా. 1991 జనాభా లెక్కల్లో సుమారు 43.8 లక్షల మందిలో ముస్లింలు 43.5 శాతం, సెర్బులు 31, క్రొయేట్లు 17. వైశాల్యంలో ఒడిశాలో మూడో వంతు ఉండే దేశం అది.

పేర్లు పట్టుకోవడం ఇంకో చిక్కు. క్రొయేట్ అక్షరాల్లో ‘జె’లా కనిపించేది ‘య’గా పలుకుతుంది. అందుకే తెలుగు పత్రికల్లో జాజ్సే అని వచ్చిన ఊరు నిజానికి యాయ్‌త్సె. ఊళ్లకు రెండేసి పేర్లు కూడా ఉన్నాయి. 1990 దాకా దువ్నో అన్నది తర్వాత తొమిస్లావ్‌గ్రాద్ అయింది. గోర్ని వాకుఫ్‌ను క్రొయేట్లు ఉస్కోప్లియె అంటారు. బరంపురం, బ్రహ్మపూర్ ఒకటేనని తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఒక పేరుతో వెతికి ఏమీ దొరకలేదని ఆగిపోతే సగం చరిత్ర చేజారుతుంది.

ఇక సైన్యాల పేర్లు. హెచ్‌వీ అంటే క్రొయేషియా దేశపు సైన్యం. హెచ్‌వీఓ బోస్నియా క్రొయేట్లది. ఒక్క అక్షరం తేడా, కానీ యుగోస్లావియా యుద్ధ నేరాల విచారణకు హేగ్‌లో పెట్టిన అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆ తేడా మీదే ఏళ్ల తరబడి వాదన నడిచింది. డబ్బు, ఆయుధాలు, అధికారులు క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ నుంచి వచ్చేవి. క్రొయేషియా దళాలే స్వయంగా బోస్నియాలో దిగిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే న్యాయస్థానం ఈ పోరును అంతర్యుద్ధంగా కాక రెండు దేశాల మధ్య సాయుధ సంఘర్షణగా లెక్కగట్టింది. మూడోది హెచ్‌ఓఎస్. అది వేరే పార్టీ దళం, అందులో ముస్లింలు చాలామంది ఉండేవారు. దాని నాయకుడు బ్లాజ్ క్రాల్యెవిచ్ 1992 ఆగస్టు 9న మోస్తార్ దగ్గర క్రూషెవోలో హెచ్‌వీఓ చెక్‌పోస్టు దగ్గర హతుడయ్యాడు. ఆ తర్వాత హెర్జెగోవినాలో హెచ్‌ఓఎస్ మాట వినపడలేదు.

ఇంకో ముడి కూడా విప్పుకోవాలి. హెచ్‌వీఓ అన్న పేరు సైన్యానికీ ఉంది, ప్రభుత్వానికీ ఉంది. 1992 వేసవి నుంచి క్రొయేట్ మున్సిపాలిటీల్లో పన్నులు, పోలీసు, బడులు చూసే పాలక మండలి పేరు కూడా హెచ్‌వీఓనే. దానికి అధిపతి యాద్రాంకో ప్రలిచ్. సైన్యానికి అధిపతి 1993 జూలై దాకా మిలివోయ్ పెత్కోవిచ్. కాగితంలో ‘హెచ్‌వీఓ ఆదేశించింది’ అని ఉంటే ఏ హెచ్‌వీఓ అని చూసుకోవాలి. చూసుకోకపోతే సిపాయి చేసింది గుమాస్తా మీదికీ, గుమాస్తా రాసింది సిపాయి మీదికీ పోతుంది.

వీటన్నిటికీ పైన రాజకీయ గొడుగు హెర్జెగ్-బోస్నా. మాటె బోబాన్ నాయకత్వంలో 1991 నవంబరు 18న ‘సమాజం’గా ప్రకటించారు, 1993 ఆగస్టు 28న ‘రిపబ్లిక్’ అన్నారు. బోస్నియా రాజ్యాంగ న్యాయస్థానం 1992 సెప్టెంబరులోనే ఆ మొదటి ప్రకటన చెల్లదని చెప్పింది.

పుట్టుకకు కారణం లేకపోలేదు, అది న్యాయంగా చెప్పాలి. 1991 అక్టోబరులో, బోస్నియాలో యుద్ధం మొదలైందని ఎవరూ అనకముందే, యుగోస్లావ్ సైన్యం దుబ్రోవ్నిక్ వైపు వెళ్తూ హెర్జెగోవినాలోని రావ్నో అనే క్రొయేట్ గ్రామాన్ని నేలమట్టం చేసింది. అప్పట్లో క్రొయేషియా యుద్ధం గురించి సరాయెవోలోని అధ్యక్షుడు ఇజెత్‌బెగోవిచ్ ‘ఇది మన యుద్ధం కాదు’ అన్నాడు. క్రొయేట్లు ఆ మాట మరిచిపోలేదు. ప్రభుత్వం రక్షించదనే నమ్మకం అక్కడ గట్టిపడింది. మున్సిపాలిటీకొక బ్రిగేడ్ లెక్కన లేచిన ఆ సైన్యంలో బారకాసులు తక్కువ. చాలాచోట్ల మనిషి కొన్ని రోజులు కందకంలో ఉండి, వంతు మారగానే ఇంటికి వెళ్లేవాడు. పేరు బ్రిగేడ్ అయినా కొన్నింటిలో ఉన్నది వందల్లోనే. ఈ ఏర్పాటులో బలమూ ఉంది, ప్రమాదమూ ఉంది. సొంత ఊరు కాపాడుకోవడానికి మనిషి ప్రాణం పెడతాడు. పక్క ఊరి మీదికి పంపితే పాత పగలన్నీ తుపాకీతో పాటు వెంట వెళ్తాయి.

1992లో సెర్బుల మీద హెచ్‌వీఓ చేసిన పని గట్టిది. ఏప్రిల్‌లో కుప్రెస్ పోయింది. జూన్‌లో మాత్రం హెచ్‌వీ, హెచ్‌వీఓ కలిసి నెరెత్వా లోయలో ఎదురుదెబ్బ తీశాయి. మోస్తార్‌ను తూర్పు కొండల నుంచి కొడుతున్న సెర్బు దళాలను వెనక్కి నెట్టి, స్తోలత్స్ పట్టుకున్నారు. ఆ పోరులో ముస్లిం యువకులు కూడా హెచ్‌వీఓ యూనిఫామ్‌లోనే ఉన్నారు. అప్పటికి మోస్తార్‌లో తుపాకీ ఎక్కువగా దొరికే చోటు అదే. ఆ జూన్ గెలుపు లేకుండా మోస్తార్ మిగిలేది కాదు. ఇది కూడా చరిత్రలో భాగమే. తర్వాత జరిగిన ఘోరాల వల్ల దీన్ని కొట్టిపారేయకూడదు.

ఉత్తరాన సావా నది ఒడ్డున పోసావినాలో ఉల్టా జరిగింది. సెర్బులకు తూర్పు, పడమర భూములను కలిపే దారి అక్కడి నుంచే పోవాలి. అందుకే ఆ వేసవిలో పెద్ద దాడి చేశారు. దెర్వెంతా పోయింది, అక్టోబరు 6న బోసాన్‌స్కి బ్రోద్ పోయింది. ఓరాష్యె అనే ముక్క మాత్రం 1995 దాకా నిలిచింది. అక్టోబరు 29న యాయ్‌త్సె పడిపోయింది. అక్కడ హెచ్‌వీఓ, ప్రభుత్వ సైన్యం పక్కపక్కనే ఉన్నా ఒక్క కమాండ్ కింద లేవు. వేలాది మంది ఒకే దారిన త్రావ్నిక్ వైపు నడిచారు. యాయ్‌త్సె నుంచీ, సెర్బులు తరిమిన మిగతా ఊళ్ల నుంచీ వచ్చిన శరణార్థులు మధ్య బోస్నియా పట్టణాల్లో నిండిపోయారు. ఎవరెంత మంది అన్న లెక్క తారుమారైంది. మధ్య బోస్నియాలో తర్వాత అంటుకున్న మంటకు కట్టెలు ఇక్కడే పేరాయి.

మూల కారణాల్లో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది రోడ్డు. గిరిసోలా, ఇచ్ఛాపురం మధ్య లారీలు బారులు తీరిన రోజులు చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు: గేటు ఎవరి చేతిలో ఉంటే సరుకు వాళ్లది. భద్రతా మండలి 1991 సెప్టెంబరు 25న 713వ తీర్మానంతో యుగోస్లావియా మొత్తానికీ ఆయుధ నిషేధం పెట్టింది. సెర్బులకు పాత యుగోస్లావ్ సైన్యపు గోదాములు మిగిలాయి. బోస్నియా ప్రభుత్వానికి నేయుమ్ దగ్గర ఇరవై కిలోమీటర్ల సముద్ర తీరం తప్ప ఏమీ లేదు, అక్కడ సరైన ఓడరేవు లేదు. ఏది రావాలన్నా క్రొయేషియాలో దిగి, హెచ్‌వీఓ గేట్లు దాటి రావాలి. పిండి, మందులు, దొంగచాటు తుపాకులు, అన్నీ అంతే. స్ప్లిత్ నుంచి తొమిస్లావ్‌గ్రాద్, ప్రోజోర్, గోర్ని వాకుఫ్ మీదుగా వితెజ్, జెనిత్సా చేరే కొండ రోడ్డు ఆ రెండేళ్లూ దేశానికి శ్వాసనాళం. ఆ ఊళ్ల పేర్లే వరుసగా ఘర్షణల పట్టీ: 1992 అక్టోబరులో ప్రోజోర్, 1993 జనవరిలో గోర్ని వాకుఫ్, ఏప్రిల్‌లో వితెజ్. గేట్ల దగ్గర హెచ్‌వీఓ సరుకులో వాటా తీసుకునేది, ఒక్కోసారి పూర్తిగా ఆపేసేది.

రెండోది కార్ఖానాలు. వితెజ్‌లో పేలుడు పదార్థాల ఫ్యాక్టరీ, నోవి త్రావ్నిక్‌లో ఫిరంగుల ఫ్యాక్టరీ, బుగోయ్నోలో, కోనిత్స్‌లో మందుగుండు. యుగోస్లావియా తన ఆయుధ పరిశ్రమను కావాలనే ఈ కొండల మధ్య పెట్టింది. నిషేధం ఉన్న దేశంలో వాటి విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. వితెజ్ ఫ్యాక్టరీని పేల్చేస్తామన్న బెదిరింపే ఆ పట్టణం చుట్టూ ఉన్న క్రొయేట్లకు చివరి కవచమైంది.

మూడోది శాంతి పటం. 1993 జనవరిలో అంతర్జాతీయ మధ్యవర్తులు వాన్స్, ఓవెన్ దేశాన్ని పది ప్రాంతాలుగా విభజించే ప్రణాళిక తెచ్చారు. 3, 8, 10 నంబర్ల ప్రాంతాలు క్రొయేట్ల వంతు. ఎవరూ సంతకాలన్నీ పూర్తి చేయకముందే హెచ్‌వీఓ ఆ మూడింట్లో ఉన్న ప్రభుత్వ దళాలన్నీ తన కిందికి రావాలని జనవరిలో గడువు పెట్టింది, ఏప్రిల్ 15కి మళ్లీ పెట్టింది. పదో ప్రాంతంలో ఉన్న త్రావ్నిక్‌లో అప్పటికి ముస్లింలు, శరణార్థులతో కలిపి, పెద్ద సంఖ్యలో ఉన్నారు. రంగు పూసిన పటాన్ని నేల మీద అమలు చేయబోతే ఏమవుతుందో ఏప్రిల్ 16న తేలింది.

ఆ తెల్లవారుజామున అయిదున్నరకు వితెజ్, బుసోవాచా రోడ్డు మీదున్న అహ్మిచి గ్రామంలో హెచ్‌వీఓ మిలిటరీ పోలీసులు, ‘జోకర్లు’ అనే ప్రత్యేక దళం ఇంటింటికీ వెళ్లారు. వందమందికి పైగా ముస్లింలను చంపారు. వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. క్రొయేట్ల ఇళ్లు వదిలి ముస్లింల ఇళ్లే తగలబెట్టారు. మసీదులను పేల్చారు. కొన్ని రోజులకు బ్రిటిష్ శాంతిదళం అక్కడికి చేరాకే ప్రపంచానికి తెలిసింది. అదే రోజు కోనిత్స్ దగ్గర త్రూసినాలో ప్రభుత్వ సైన్యపు దళం 22 మంది క్రొయేట్లను చంపింది. రెండూ చెప్పాలి. కానీ ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని చిన్నది చేయడం నేను ఒప్పుకోను. చనిపోయినవాళ్లు తూకానికి రారు.

అహ్మిచికి ఆదేశం ఎవరిచ్చారన్న ప్రశ్నలోనే హెచ్‌వీఓ నిర్మాణంలోని లోపం బయటపడుతుంది. మధ్య బోస్నియా కమాండర్ తిహొమిర్ బ్లాష్కిచ్. కానీ మిలిటరీ పోలీసుల తాడు మోస్తార్‌లోని వాళ్ల పాలకుల చేతిలో కూడా ఉంది. దారియో కోర్దిచ్ అనే రాజకీయ నాయకుడు సైనికుడు కాకపోయినా ఆజ్ఞలిచ్చేవాడు. ఒక్క దళానికి మూడు తాళ్లు. హేగ్ న్యాయస్థానం 2000లో బ్లాష్కిచ్‌కు 45 ఏళ్లు వేసింది. అధ్యక్షుడు తుజ్‌మాన్ మరణించాక క్రొయేషియా ప్రభుత్వ దఫ్తరాలు తెరుచుకున్నాయి, దాచిన కాగితాలు బయటికొచ్చాయి. 2004 అప్పీలులో అహ్మిచి చేసిన దళాల మీద అతనికి నిజమైన అదుపు ఉందని రుజువు కాలేదని తేల్చారు. ఖైదీలతో కందకాలు తవ్వించడం లాంటి నేరాలకు 9 ఏళ్లు మిగిలాయి. కోర్దిచ్ 25 ఏళ్ల శిక్ష మాత్రం నిలిచింది. కాబట్టి 2004కు ముందు రాసిన పుస్తకం చదువుతుంటే బ్లాష్కిచ్ గురించిన పేజీలు సరిచూసుకోవాలి.

మోస్తార్ కథ మే 9న మొదలైంది. హెచ్‌వీఓ పడమటి పట్టణంలోని ముస్లింలను ఇళ్ల నుంచి లాగి హెలియోద్రోమ్ అనే నిర్బంధ శిబిరానికి తరలించింది, మిగిలినవాళ్లను నది దాటించి తూర్పుకు తోసింది. జూన్ 30న హెచ్‌వీఓలోని ముస్లిం సైనికులు కొందరు ప్రభుత్వ సైన్యంతో చేతులు కలిపి ఉత్తరాన ఒక బారకాసు పట్టుకున్నారు. ఆ తర్వాత హెచ్‌వీఓ తన యూనిఫామ్‌లోని ముస్లింలందరి ఆయుధాలు లాక్కుని, ద్రెతెల్, గాబెలా, ల్యూబుష్కి శిబిరాల్లో పెట్టింది. ఏడాది క్రితం ఆ పట్టణాన్ని కలిసి విడిపించినవాళ్లే వాళ్లు. తూర్పు మోస్తార్ పది నెలలు ముట్టడిలో ఉంది. నవంబరు 9న ట్యాంకు గుళ్లకు స్తారి మోస్త్, 1566లో కట్టిన పాత వంతెన, నెరెత్వాలో కూలిపోయింది. దీని మీద ఒక సూక్ష్మం: 2017 అప్పీలు తీర్పు ఆ వంతెన ఆనాటికి సైనిక లక్ష్యమే అని చెప్పి, దాని విధ్వంసం కింద వేసిన శిక్షాభాగాన్ని కొట్టేసింది. తూర్పు ఒడ్డుకు సైనిక సరఫరా దాని మీదుగా వెళ్లేది. తీర్పు ఎంత బాధ కలిగించినా, ఉన్నదున్నట్టు రాయాలి.

వారెష్ గురించి కాస్త ఆగి చెప్పాలనుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ చెప్పరు. 1993 వేసవి దాకా ఆ గనుల పట్టణంలో క్రొయేట్లు, ముస్లింలు కొట్టుకోలేదు. చుట్టూ కాలుతున్నా అక్కడ ఓపిక పట్టారు. జూన్‌లో ప్రభుత్వ సైన్యం కాకాన్య్ పట్టుకోగానే అక్కడి క్రొయేట్లు వేల సంఖ్యలో వారెష్‌కు చేరారు. ఇళ్లు చాలలేదు, కోపం చాలా ఉంది. అక్టోబరులో కిసెల్యాక్ నుంచి ఇవిత్సా రాయిచ్ తన దళంతో సెర్బుల భూభాగం గుండా వచ్చి, ముస్లింలతో మెతకగా ఉన్నారని స్థానిక క్రొయేట్ నాయకులను నిర్బంధించాడు. 23న పక్కనున్న స్తుప్ని దో గ్రామంలో కనీసం 37 మంది హతులయ్యారు. పది రోజుల్లోనే ప్రతీకార భయంతో వారెష్ క్రొయేట్లు మొత్తం ఊరు ఖాళీ చేశారు. ఓపిక పట్టిన ఊరును చెడగొట్టడానికి బయటి నుంచి ఒక దళం చాలింది. రాయిచ్ నేరం ఒప్పుకున్నాడు, 12 ఏళ్లు పడ్డాయి.

సరిగ్గా అదే కాలంలో వేరే చోట్ల కథ వేరు. బిహాచ్‌లో 101వ హెచ్‌వీఓ రెజిమెంటు ప్రభుత్వ సైన్యపు అయిదో కోర్‌తో కలిసే ముట్టడి తట్టుకుంది. తూజ్లాలో, ఉసోరాలో పొత్తు చెడలేదు. అక్కడ సెర్బులు మూడు వైపులా ఉన్నారు, క్రొయేట్లు కొద్దిమంది, పంచుకోవడానికి విడిగా భూమి లేదు. సరాయెవోలో క్రాల్ త్వర్త్‌కో బ్రిగేడ్ నగరాన్ని కాపాడింది. 1993 నవంబరులో ప్రభుత్వ సైన్యమే దాన్ని రద్దు చేసి కలిపేసుకుంది.

మధ్య బోస్నియాలో హెచ్‌వీఓ సొంత దాడితో తనకే ఉచ్చు బిగించుకుంది. త్రావ్నిక్, కాకాన్య్, బుగోయ్నో ఒక్కొక్కటే పోయాయి. వితెజ్, బుసోవాచా చుట్టూ క్రొయేట్లు దీవిలా మిగిలారు. హెలికాప్టర్ల ద్వారా కొంత సరఫరా వచ్చేది. నోవా బిలాలో చర్చినే ఆసుపత్రి చేశారు. అగ్నిమాపక సిలిండర్లలో పేలుడు పదార్థం నింపి విసిరే ‘బేబీలు’ తయారుచేశారు. గురి లేని ఆ బాంబులు పాత వితెజ్‌లో చిక్కుకున్న ముస్లిం ఇళ్ల మీద పడేవి.

అమెరికా ఒత్తిడితో 1994 ఫిబ్రవరి 23న జాగ్రెబ్‌లో కాల్పుల విరమణ, మార్చి 18న ముస్లింలు, క్రొయేట్లు కలిసి ఒక ఫెడరేషన్‌గా ఉండే వాషింగ్టన్ ఒప్పందం కుదిరాయి. ఆ తర్వాత హెచ్‌వీఓ మారింది. ఊరి బ్రిగేడ్లు రక్షణ రెజిమెంట్లయ్యాయి, జీతం తీసుకునే నాలుగు గార్డు బ్రిగేడ్లు ఏర్పడ్డాయి. నవంబరు 3న కుప్రెస్‌ను ప్రభుత్వ సైన్యంతో కలిసి తిరిగి తీసుకుంది. 1995 జూలైలో గ్రాహొవో, గ్లామోచ్. సెప్టెంబరులో ద్ర్వార్, యాయ్‌త్సె. అక్టోబరులో మ్ర్కోన్యిచ్ గ్రాద్. హెచ్‌వీ ముందుండి నడిపిన ఈ దాడుల వల్లే యుద్ధం ముగించిన డేటన్ శాంతి చర్చల బల్ల దగ్గర ఫెడరేషన్‌కు 51, సెర్బులకు 49 శాతం భూమి అన్న లెక్క నేల మీద సాధ్యమైంది. ఈ ఊళ్ల నుంచి సెర్బు జనం పెద్దఎత్తున పారిపోయారన్నది కూడా ఆ లెక్కలోనే ఉంది.

2017 నవంబరు 29న హేగ్‌లో ఆరుగురు హెర్జెగ్-బోస్నా నాయకుల మీద చివరి తీర్పు వచ్చింది. ప్రలిచ్‌కు 25 ఏళ్లు, స్తోయిచ్, ప్రల్యాక్, పెత్కోవిచ్‌లకు ఇరవయ్యేసి, చోరిచ్‌కు 16, పూషిచ్‌కు 10. తీర్పు వింటూనే ప్రల్యాక్ కోర్టులో విషం తాగి చనిపోయాడు. వార్తల్లో ఆ సీసానే మిగిలింది. తీర్పులో అసలు ముఖ్యమైన మాట వేరు: ముస్లింలను తరిమి క్రొయేట్ల భూభాగం తయారుచేసే ఉమ్మడి నేరపూరిత పథకం ఉంది, అందులో క్రొయేషియా అధ్యక్షుడు తుజ్‌మాన్‌కూ భాగం ఉంది అన్నది.

డేటన్ పటంలో బోసాన్‌స్కి బ్రోద్, దెర్వెంతా సెర్బుల వైపే ఉండిపోయాయి. ఓరాష్యె ఫెడరేషన్‌లో మిగిలింది. హెచ్‌వీఓ మొదట ఫెడరేషన్ సైన్యంలో, 2006 నుంచి ఒకే బోస్నియా సైన్యంలో కలిసిపోయింది. ఆ సైన్యంలో మూడు పదాతి రెజిమెంట్లున్నాయి: ఒకటోది హెచ్‌వీఓ వారసత్వం మోస్తుంది, రెండోది ప్రభుత్వ సైన్యానిది, మూడోది సెర్బులది. ముగ్గురి జీతమూ ఒకే రక్షణ శాఖ నుంచి వస్తుంది.